ఇద్దరికి ఒక జోడు

రాజలింగు సారుకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. బంతికి గాలి కొట్టమనేవారు, గోలు కర్రలకు సున్నం వేయమనేవారు. పని అయ్యేసరికి సగంమంది తామేమడిగారో మరిచిపోయి ఇళ్లకు వెళ్లిపోయేవారు. మరిచిపోనివాళ్లే తన శిష్యులని సారు లెక్క.

ఆ రోజు ఆయన దగ్గరికి వచ్చినవాడు సదానందం. ఆ బొగ్గుగనుల ఊళ్లో కార్మికులు నడుపుకొనే ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. సారు దగ్గరే ఆట నేర్చుకున్నాడు. సారు ముసలివారై విజిల్ ఊదడానికి కూడా ఆయాసపడుతున్నాక, జట్టు మంచిచెడ్డలన్నీ తానే చూస్తున్నాడు. వచ్చినప్పుడు మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"సారూ, ఒక్క మాట అడగాలె. జట్టు గెలవాలంటే పైసలు ముఖ్యమా, ఐకమత్యం ముఖ్యమా?"

ఊరికే పుట్టిన ప్రశ్న కాదది. ఇసుక కాంట్రాక్టరు ఒకాయన జట్టును తాను పోషిస్తానన్నాడు. బట్టలు, బంతులు, బూట్లు, బస్సు, అన్నీ తనవే. అయితే హైదరాబాదు నుంచి కొందరు ఆటగాళ్లను దింపుతాడు. వాళ్లకు చోటివ్వడానికి ఇక్కడివాళ్లు కొందరు తప్పుకోవాలి. ఎవరిని తప్పిస్తున్నదీ ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చెప్పమన్నాడు. కాదంటే ఈ ఏడు టోర్నమెంటు ఊసెత్తే పని లేదు, బస్సు చార్జీలకే దిక్కులేదు. అందరికంటే ముందు తప్పించవలసింది ఎవరినో సదానందం మనసులో ఖాయమైపోయింది. పోశంని. ఆ పేరు నోటితో అనలేక, దాన్నే ఇంత పెద్ద ప్రశ్న చేసి సారు ముందు పెట్టాడు.

పోశం ఎవరో చెప్పాలి. ఆ జట్టులో మనుషులకు సరిపడా బూట్లు ఏనాడూ లేవు. అందుకని సారు వెనకెప్పుడో ఒక పద్ధతి పెట్టారు. ఇద్దరికి ఒక జత. ముందు సగం ఒకడు ఆడతాడు, విరామంలో విప్పి ఇస్తే మిగతా సగం రెండోవాడు ఆడతాడు. చెప్పులనూ జోడనే అంటాం, తోటివాణ్ణీ జోడనే అంటాం. ఒకే బూట్లలో కాళ్లు పెట్టే ఇద్దరూ ఒకరినొకరు 'జోడు' అని పిలుచుకోవడం అలా మొదలైంది. "నా జోడు డ్యూటీకి పోయిండు", "నా జోడుకు బిడ్డ పుట్టింది" అనుకునేవారు. ఒకరి ఇంట్లో పెళ్లయితే పందిరి గుంజ రెండోవాడు పాతాల్సిందే. పక్క ఊళ్ల జట్లు ఈ వరస చూసి నవ్వేవి గాని, లోలోపల కుళ్లుకునేవి కూడా. సదానందానికి జోడు పోశం, ఇద్దరికీ మీసాలు రాకముందు నుంచీ.

ఒకప్పుడు పోశం ఉరికితే అందుకునేవాడు లేడు. ఈ మధ్య బంతి కాళ్ల ముందుకొచ్చినా అడుగు తడబడుతోంది. మలుపు తిరగాలంటే ఆగి మరీ తిరుగుతాడు. తిండి తగ్గిందా, తాగుడు పెరిగిందా అని సదానందం చీవాట్లు పెడితే నవ్వి ఊరుకునేవాడు. మేజోళ్లు తొడగడని జట్టంతా ఆటపట్టించేది. కూతురి పెళ్లికి దాచుకున్నాడని ఒకడంటే, వాళ్లావిడ వాటిల్లో కందిపప్పు పోసి కట్టిందని ఇంకొకడనేవాడు. దానికీ నవ్వేవాడు.

సారు ప్రశ్న విన్నారు. మైదానంలో ఆటకు చేరినవాళ్లలోంచి పోశంని దగ్గరికి పిలిచారు. "ఇయ్యాల ముందుగాల పోశం ఆడుతడు. నువ్వు తర్వాత ఆడు" అన్నారు.

ఇది కొత్త. కెప్టెన్ కాబట్టి ఎప్పుడూ సదానందమే ముందు దిగేవాడు. పోశం బూట్లు తీసుకొని దూరంగా వెళ్లి, అందరికీ వీపు పెట్టి కూర్చొని తొడుక్కొచ్చాడు. వాళ్లలో వాళ్లే రెండు జట్లుగా చీలి ఆడుతుంటే సదానందం గట్టున కూర్చొని చూశాడు. నల్లటి దుమ్ములో పోశం ఈడ్చుకుంటూ పరుగెత్తడం చూస్తే జాలేయలేదు, ఒళ్లు మండింది. వీణ్ణి తీసెయ్యడానికా నేనింత మథనపడుతున్నది అనుకున్నాడు. మనసు కొంత తేలికపడింది కూడా.

విరామం వచ్చింది. పోశం బూట్లతో చాలాసేపు తంటాలు పడ్డాడు. "నువ్వు పోయి నీళ్లు తాగిరా జోడూ, విప్పి పెడత" అన్నాడు. సదానందం లేవబోయాడు.

"కూసో బిడ్డా" అన్నారు సారు. "నువ్వే గుంజు."

పోశం కాళ్లు వెనక్కి తీసుకున్నాడు, వద్దన్నాడు. సదానందం మడమ పట్టుకొని లాగితే బూటు రాలేదు. రెండో చేత్తో పిక్క పట్టుకొని గట్టిగా లాగాడు. పోశం పళ్లు బిగబట్టాడు, బూటు ఊడొచ్చింది. బయటపడిన పాదం మాత్రం విచ్చుకోలేదు. వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి అలాగే ముడుచుకొని ఉన్నాయి. బొటనవేలికి గోరు లేదు, పక్కవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉంది. సదానందం తన పాదాన్ని దాని పక్కన ఆనించి చూశాడు. ముడుచుకొని ఉన్నా పోశంది ఇంకా ముందుకుంది.

పాత బూట్లు చిరిగినప్పుడు ఈ జత కొనుక్కొచ్చింది సదానందమే. దుకాణంలో తన కాలికే తొడిగి చూసుకున్నాడు. జోడు కదా, వాడిదీ ఇదే కొలత అనుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"మరి ఎందుకు చెప్పలే?"

పోశం వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకుంటున్నాడు. "చెప్తే నా జోడును మారుస్తరు గద. నా కాలుకు సరిపోయేటోడు ఆ కొమురయ్య ఒక్కడే. వానితోని నాకు పడది."

సదానందానికి కళ్లనీళ్లు ఆగలేదు. "నేను ఇయ్యాల కాంట్రాక్టరుకు నీ పేరే చెప్దామని పోతున్న జోడూ, తీసెయ్యమని" అనేశాడు.

పోశం చేతులు ఆగాయి. కాసేపటికి మళ్లీ వేళ్లు విడదీసుకోవడం మొదలుపెట్టాడు. "నేనైనా అదే చెప్తుంటి. కుంటుతున్న గద" అన్నాడు. ఈసారి మాత్రం నవ్వలేదు.

సదానందం ముఖం తుడుచుకొని సారు వైపు తిరిగాడు. "నాకు సమజైంది సారూ. ఆ పైసలు మనకొద్దని చెప్పొస్త."

"వద్దంటే ఈ కాలుకు బూట్లు ఎవడు కొనిస్తడు?" అన్నారు సారు.

"ఆయన పైసలు కావాలంటే ఈ కాలే ఉండొద్దంటున్నడు గద సారూ."

సారు విజిల్ నోట పెట్టుకొని, ఆయాసం తీరేదాకా ఆగి, ఊది, విరామం అయిపోయిందని సైగ చేశారు. సదానందం బూట్లు పట్టుకొని అలాగే నిలబడ్డాడు, తొడుక్కోవడానికి చేతులు రావడం లేదు.

సారు ఆ బూట్లు తీసి పక్కన పెట్టించారు. "పొద్దు గూకుతుంది, కాంట్రాక్టరు ఎదురు చూస్తుంటడు" అన్నారు. "పోశంని ఎంబడి తీస్కపో. ఒట్టి కాళ్లతోనే రమ్మను. ఆ కాలు ఆయన గూడ చూడాలె."