నుదుటిరాతా, చక్రం సీలా?

కొత్త బండి చక్రం ఊడిపడి ఓబులమ్మ కాలు విరిగింది. ఆ బండి అమ్మిన వీరభోగయ్య న్యాయసభలో ముందు ఎద్దుల్ని తిట్టాడు, తర్వాత బాటను తిట్టాడు, చివరికి “అంతా ఈ ఆడదాని నుదుటిరాత” అని తేల్చేశాడు. ఎద్దుల్ని దండించాలో, బాటను దండించాలో, బ్రహ్మదేవుణ్ణే పిలిపించాలో తోచక ధర్మాధికారికి తల తిరిగిపోయింది.

“అయితే అయ్యగారు తను చేయించిన ఇంకో కొత్త బండిలో ఇంటికెళ్ళాలి దొరా. రాత బాగుంటే చక్రం ఊడదుగా!” అంది ఓబులమ్మ.

వీరభోగయ్య మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు. ఓబులమ్మను మోసుకుని ధర్మాధికారితో సహా సభంతా వెంట వచ్చింది. బండి ఎక్కబోయి ఆగి, చక్రం జారకుండా కొట్టిన సీల గట్టిగా ఉందో లేదోనని వంగి తడిమి చూశాడు.

“నుదుటిరాతను చక్రం దగ్గర వెతుకుతున్నారేం అయ్యా?” అంది ఓబులమ్మ.

ధర్మాధికారికి తల తిరగడం ఆగింది. “కాలు అతికేదాకా ఈమె ఇంటిల్లిపాదినీ నువ్వే పోషించాలి వీరభోగయ్యా. ఇది నీ నుదుటిరాత!”