ఖాళీ బండి కొలత

సువార్త కట్టిన దారం నాలుగోసారి కూడా అదే మాట చెప్పింది. ముందు చక్రాలు రెండూ తిన్నగా ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

అయినా బండి మాట వినడం లేదు.

యాభై ఏళ్ల నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు. యజమాని ఫణీంద్ర ముచ్చటపడి, ఎక్కడో స్ప్రింగులు కోయించి, నేలకి జానెడు ఎత్తుకి దింపించాడు. నున్నటి రోడ్డు మీద బాగానే పోతుంది. గతుకు తగిలిందా, స్టీరింగు తనంతట తనే పక్కకి లాగేస్తుంది. కంప్యూటర్ పెట్టి చక్రాలు సరిచేసే చోటికి తీసుకెళ్తే ర్యాంపు ఎక్కకముందే బండి కడుపు దాని అంచుకి ఆనింది. అక్కడ కాదంటే, విజయవాడ ఆటోనగర్‌లో మీరావలి ఉస్తాద్ షెడ్డుకి తెచ్చాడు.

ఉస్తాద్ దాన్ని ముట్టుకోలేదు. "ఇది నీది," అన్నాడు సువార్తతో.

ఆ మాటకి అర్థం షెడ్డులో అందరికీ తెలుసు. సొంతంగా షెడ్డు పెట్టుకోబోయే శిష్యులకి ఆయన ఆఖరున ఒక బండి అప్పగిస్తాడు. అది కుదిరితే గోడకున్న పానాల్లోంచి ఒకటి తీసి చేతికిస్తాడు. అది అందకుండా ఆయన శిష్యులెవరూ బోర్డు కట్టలేదు. ఆయన నడుముకి వేలాడే పానా మాత్రం వేరు. నలభై ఏళ్లు పట్టీ పట్టీ దాని నడుము అరిగి సన్నబడింది. దాన్ని ఇంతవరకూ ఎవరి చేతా పట్టనివ్వలేదు.

సువార్తది పదకొండేళ్ల పని. నూజివీడులో షెడ్డు మాట్లాడుకుంది. బోర్డు కూడా రాయించేసింది. ఆ సంగతి ఉస్తాద్‌కి చెప్పలేదు.

"నా కొలతలో తప్పు లేదు ఉస్తాద్," అంది దారం చుట్టుకుంటూ. "టైర్లు పాతవి. లేకపోతే రోడ్డు."

"అదీ కాకపోతే గాలి," అన్నాడాయన.

"ఎగతాళి చేయకండి. నాలుగుసార్లు కొలిచాను."

"కొలిచావు, చూశాగా. బోర్డు మీద రంగు ఆరిందా?"

సువార్త చుట్టిన దారాన్నే విప్పి మళ్లీ చుట్టసాగింది.

ఉస్తాద్ టీ గ్లాసు పట్టుకుని లేచాడు. కిందికి దిగి పని చేసుకునే గుంత మీద నిలబెట్టిన కారు దగ్గరికి వచ్చి తలుపు తీశాడు. డెబ్బై దాటిన మోకాళ్లు. ముందు ఒక కాలు, తర్వాత నడుము, చివరికి రెండో కాలు, ఒక్కొక్కటే లోపలికి చేర్చాడు.

"యా అల్లా! బావిలో దిగినట్టుందే."

సీట్లో సర్దుకుని టీ తాగడం మొదలుపెట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఇప్పుడు కొలువు."

"కొలిచానన్నానుగా."

"నేను లేనప్పుడు కొలిచావు."

విసుగ్గానే మళ్లీ దారం కట్టింది సువార్త. వంగి చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దూరం జరిగాయి. వెంట్రుకవాసి కాదు, నాలుగు మిల్లీమీటర్లు.

గబగబా గుంతలోకి దిగింది. చక్రాలని తిప్పే రాడ్లు రెండూ నేలకి సమంగా ఉండాల్సినవి, దండం పెట్టే చేతుల్లా పైకి లేచి ఉన్నాయి. బండిని కిందికి దింపినవాళ్లు వాటి సంగతి తలుచుకోలేదు. పైన ఉస్తాద్ సీట్లో ఒకసారి ఊగాడు. రాడ్లు ఇంకాస్త లేచాయి. చక్రం చటుక్కున మొహం తిప్పుకుంది. ఆయన స్టీరింగు ముట్టుకోనేలేదు. ఆయన రెండు చేతులూ టీ గ్లాసు చుట్టూ ఉన్నాయి.

సువార్త రెండు రాడ్ల వాలూ కొలిచి చూసుకుంది.

పైకి వచ్చేసరికి ఉస్తాద్ ఖాళీ గ్లాసు చాపాడు. "నన్ను బయటికి లాగు. రావడం వచ్చింది గానీ పోవడం రావట్లా."

రెండు రోజులు పట్టింది. ఇనప రేకు కోసి, బిళ్లలు చేసి, ఆ రాడ్లు బిగించి ఉన్న స్టీరింగు గొట్టం కింద పెట్టి దాన్ని పైకి లేపింది. ఒక బిళ్ల ఎక్కువైతే తీసింది. తక్కువైతే అరగదీసి ఇంకోటి వేసింది. రాడ్లు నేలకి సమంగా వచ్చాయి. ఆ తర్వాత సీట్లో ఇసుక బస్తా వేసినా, తీసినా, పైనెక్కి ఊగినా దారం కదిలీ కదలనట్టుంది.

కాలవ వంతెన దగ్గరి గతుకుల మీద తోలింది. స్టీరింగు చేతిలో పెంపుడు పిల్లిలా పడుకుంది. తిరిగొచ్చి ఉస్తాద్ ముందు నిలబడింది.

ఆయన జామకాయ కోసుకుంటున్నాడు. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టి, ఉప్పుకారం పొట్లం జరిపాడు. గోడకున్న పానాల వైపు చూడను కూడా లేదు. ముక్క తింది సువార్త. రుచి తెలియలేదు.

సాయంత్రం ఫణీంద్ర వచ్చాడు, ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. మర్నాడు శ్రీశైలం ప్రయాణమట. పాప అప్పుడే సీటెక్కి, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బ్రహ్మాండమమ్మా! తాళాలిలా ఇవ్వండి," అన్నాడు ఫణీంద్ర.

సువార్త తాళాలు ఇవ్వలేదు. పాపని చూస్తోంది. దోర్నాల దాటాక వచ్చే ఘాట్ రోడ్డు మలుపులు గుర్తొచ్చాయి. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు.

"ఒక్క నిమిషం సార్. గుంత మీద పెడతాను. తర్వాత మీరు కూడా ఎక్కండి."

"మళ్లీ ఏమైంది?"

"నేను కొలిచింది బస్తాని. మిమ్మల్ని కాదు."

ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. దారం కట్టింది. అర మిల్లీమీటరు.

"అంత తేడా ఎవరికి తెలుస్తుందమ్మా?" అని నవ్వాడు ఫణీంద్ర.

"నాకు తెలిసింది కదా సార్," అంది సువార్త.

"పాపా, సంచీ కూడా ఒళ్లోనే ఉంచుకో. కదలకేం," అంది పాప వైపు తిరిగి.

"నేను ఎంత బరువున్నానో చెప్తావా ఆంటీ?"

"చెప్పనులే. మీ నాన్న ఎంతున్నాడో చెప్తా." పాప కిలకిలా నవ్వింది. బండి ఊగింది. "నవ్వకూడదు మరి," అంటూ గుంతలోకి దిగింది.

మరలు వదులు చేసి, రాడ్డు చిటికెడు తిప్పింది. దారం చూసింది. ఇంకొంచెం. చాలు. బిగించడానికి చూస్తే తన పానా గుంత గట్టు మీదే ఉండిపోయింది. ఒక చేత్తో రాడ్డుని కదలకుండా పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాపింది.

"ఎవరక్కడ? పంతొమ్మిది పానా."

అరచేతిలో పానా పడింది. వేళ్లు మూసుకోగానే ఆగిపోయింది సువార్త. అది తనది కాదు. మధ్యలో అరిగి సన్నబడి ఉంది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

పైనుంచి ఉస్తాద్ గొంతు వినిపించింది.

"మెల్లగా బిగించు. పిల్ల కూర్చుంది."