కుంటుతూ వచ్చిన నూకరత్నం

సాము గరిడీలు నేర్పే సూరిదేముడు గారికి ఒక అలవాటు ఉండేది. ఆయన తాలింఖానాలో పిల్లలెవరికి దెబ్బ తగిలినా ముందు గాయం కడిగి కట్టు కట్టేవారు. తరవాత ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. ఎలా తగిలిందని మాత్రం ఆ పూట అడిగేవారు కారు.

శిష్యుల్లో పెద్దవాడైన పైడయ్యకి ఇది నచ్చేది కాదు. గురువుగారికి వయసు మీదపడ్డాక చిన్నపిల్లలకి సాము నేర్పే బాధ్యత అతనిదే. పిల్లలంటే అతనికి ప్రాణం. ఎవరు ఎక్కడ పడతారో, ఎవరి కర్ర ఎవరి కంటికి తగులుతుందోనని రోజంతా హడలిపోయేవాడు. ఆ హడలుతోనే రోజంతా అరిచేవాడు. ఒకనాడు ఉండబట్టలేక గురువుగారిని అడిగేశాడు.

“చెప్పిన మాట వినక దెబ్బ తగిలించుకున్నవాళ్ళకి బెల్లం పెడితే, పిల్లలకి భయం ఎలా వస్తుందండీ?”

గురువుగారు నవ్వి, చూద్దాంలే అన్నారు.

తాలింఖానా వెనక మూతపడిన బియ్యం మిల్లు ఒకటి ఉంది. అక్కడ ఊరకుక్క ఈనిందని తెలిసి, గోడ దాటి అటు వెళ్ళినవాళ్ళు దసరా ప్రదర్శనలో కర్ర పట్టరని పైడయ్య అందరి ముందూ చెప్పాడు. ఆ మాట నూకరత్నం కూడా విన్నది. పన్నెండేళ్ళ పిల్ల. కర్ర తిప్పడంలో తన ఈడువాళ్ళందరికన్నా చురుకు. ప్రదర్శన కోసం ఎండాకాలం నుంచీ ఎదురుచూస్తోంది. అయినా, ఇంకా కళ్ళు తెరవని కుక్కపిల్లల్ని ఒక్కసారి చూసి వచ్చేద్దామని గోడ దాటింది. తల్లికుక్క పిక్క పట్టుకుంది.

రత్నం ఏడవలేదు. పైజామా కిందికి లాక్కుని సాముకి వచ్చింది. కుంటడం చూసి పైడయ్య నిలదీశాడు. కాలు బెణికిందని చెప్పింది. అతను నలుగురిలో కేకలేసి ఇంటికి పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు అరుగు మీద కూర్చుని కర్రలకి నూనె రాస్తుంటే రత్నం వచ్చి పక్కన కూర్చుంది. ఆయన తన దగ్గరున్న గుడ్డపీలిక ఒకటి ఆమె వైపు జరిపారు. తనూ ఒక కర్ర అందుకుని రాయడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక తలెత్తకుండానే అడిగింది.

“తాతగారూ, కుక్క కరిస్తే చచ్చిపోతారా?”

ఆయన చేతిలోని కర్ర పక్కన పెట్టారు.

“వెంటనే ఆసుపత్రికి వెళ్దాం తల్లీ. ఏదీ, ఎక్కడ కరిచిందో చూపించు.”

కుళాయి నీళ్ళ కింద కాలు పెట్టించి, సబ్బు రాసి చాలాసేపు కడిగారు. పొరుగావిడ కారం అద్దమని సలహా ఇస్తే వద్దన్నారు. తల్లికి కబురు పంపి, పైడయ్య చేత ఆటో పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గాయం చుట్టూ సూదిమందు వేసి, చేతికి టీకా వేసింది. గాయం లోతుగా ఉందనీ, ఇలాంటివి దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుందనీ, మిగతా టీకాలు చెప్పిన రోజుల్లో ఒక్కటీ మానకూడదనీ గట్టిగా చెప్పింది. అంతసేపూ గురువుగారి వేలు పట్టుకుని ఉన్న రత్నం ఆవిడని ఒకే ఒక్క మాట అడిగింది, దసరాకి కర్ర తిప్పవచ్చా అని. పైడయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

తల్లి వచ్చి పిల్లని పొదివి పట్టుకున్నాక, అతను బయటికి వచ్చి వరండా బెంచీ మీద గురువుగారి పక్కన కూలబడ్డాడు. నిన్ననే తాను అడిగాననీ, చెప్పి ఉంటే భుజాన వేసుకుని తీసుకొచ్చేవాణ్ణనీ, తనేమీ ఆ పిల్లకి పరాయివాడు కాదనీ అన్నాడు.

“ఏమని అడిగావురా?” అన్నారు గురువుగారు.

పైడయ్యకి గుర్తుంది. తల దించుకుని చెప్పాడు.

“మళ్ళీ ఏం చేశావే, అని.”

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. లోపలి నుంచి రత్నం తల్లితో ఏదో చెబుతున్న గొంతు వినిపిస్తోంది.

“వెళ్ళు. నొప్పిగా ఉందా అని అడిగి రా,” అన్నారు.