మెడ విరగని చిలుక

ఈ కథ మొదట చెప్పింది వలలు అల్లే చెంగమ్మ. ఆమె చెప్పింది ఒకటి, ఊరూరా తిరుగుతున్నది ఇంకొకటి. ఆమె చెప్పినట్టే వినండి పిల్లలూ, ఊ కొట్టడం మాత్రం మానకండి.

ఒకానొక కాలంలో గంధాద్రి అనే రాజ్యానికి ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పదకొండుమంది పండితులతో ఒక ధర్మసభ కూడా ఉండేది. పొద్దున నేతిగారెలు, మధ్యాహ్నం పరమాన్నం, ఆ రెంటి మధ్యా ధర్మం. ఇదీ వాళ్ల పని.

ఒకనాడు కరకంకుడనే మాంత్రికుడు ముష్టివాడి వేషంలో వచ్చాడు. రాణి గుప్పెడు బియ్యంతో గడప దాటింది. వాడు బియ్యం వద్దన్నాడు, రాజ్యం కావాలన్నాడు.

"బియ్యం నావి, పెడతాను. జనం నా సొత్తు కాదు, ఎలా ఇస్తాను?" అంది రాణి.

వాడికి ఒళ్లు మండి ఆమెను అక్కడికక్కడే రాయి చేశాడు. చాచిన చేయి చాచినట్టే ఉంది. గుప్పిట్లో బియ్యమూ అలాగే ఉన్నాయి.

ఏడు సముద్రాల అవతల, ఒక చిలుకలో వాడి ప్రాణం ఉందని పండితులకు తెలుసు. తెలిసి ఏం చేశారు? తల్లి కోసం చిలుకను చంపితే పాపమా, పుణ్యమా అని వాదానికి కూర్చున్నారు. ఒక ఏడు పోయింది, రెండేళ్లు పోయాయి, మూడేళ్లు పోయాయి. రాణి పాదాలకు పాచి పట్టింది. ఆ పాచి రోజూ కడిగింది చిన్నకొడుకు శరభుడు ఒక్కడే. సభలో ఒక్కరూ గడప దాకా వచ్చి ఆమె ముఖం చూసిన పాపాన పోలేదు.

శరభుడు ఓర్చుకోలేక సభకు వెళ్లి అడిగాడు. తొందరపడకు నాయనా, చర్చ తేలనీ అన్నాడు పెద్దపండితుడు.

"తేలేదాకా మా అమ్మ చేయి చాచుకునే ఉండాలా తాతగారూ?"

అంతలో గారెలు వచ్చాయి.

చిలుక కోసం అన్నదమ్ములు ముగ్గురూ బయల్దేరారు. సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు, మెడలో గాలం దిగి మూలుగుతోంది. పెద్దవాడు దాటించమని కర్రతో పొడిచాడు. నడిపివాడు పరోపకారం గురించి పాఠం చెప్పాడు. శరభుడు గాలం తీసి, గాయానికి పసరు రాశాడు. తాబేలు అతన్ని ఒక్కణ్ణే ఎక్కించుకుని ఏడు సముద్రాలూ ఈదింది. అన్నలిద్దరూ ఒడ్డునే మిగిలారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీవిలో ఇనుప పంజరం, అందులో చిలుక. పక్కన మేత పెడుతూ గురివి అనే పిట్టలవాళ్ల పిల్ల. మాంత్రికుడు స్నానానికి పోయాడు. శరభుడు పంజరంలో చేయి పెట్టి చిలుక మెడ పట్టుకున్నాడు.

"మీ అమ్మను రాయి చేసింది నేనా?" అని అడిగింది చిలుక.

అతని వేళ్లు బిగియలేదు. పాచి కడిగిన వేళ్లవి.

అప్పుడు గురివి అసలు సంగతి చెప్పింది. పిట్టలవాళ్లు ఏటా వలలో పడ్డ మొదటి పిట్టను వదిలేస్తారు, అది అడవి వాటా. ఇది వాళ్ల నాన్న వలలో పడ్డ మొదటి పిట్ట. వదిలేలోపే కరకంకుడు లాక్కున్నాడు. తగువుకొచ్చిన తననూ పట్టి ఉంచుకున్నాడు.

"అయితే ఇది ఎప్పుడో ఎగరాల్సిందే" అని శరభుడు పంజరం తలుపు తీశాడు.

చిలుక ఎగిరింది. కరకంకుడు తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. పైన గద్ద నీడ కనబడగానే గుండె పట్టుకుని కూలబడ్డాడు.

"దాన్ని గద్ద తన్నుకుపోతే? ఎవడైనా రాయి విసిరితే?"

"ఇన్నాళ్లూ అందరూ నీ దయమీద బతికారు. ఇకమీద నువ్వు అందరి దయమీద బతుకు. మా అమ్మను లేపు. చిలుక మీద రాయి పడకుండా మా రాజ్యం చూసుకుంటుంది" అన్నాడు శరభుడు.

ఇక వాడు చేసేదేముంది? తాబేలు వీపుమీద అందరి వెనక ముడుచుకు కూర్చున్నాడు. గురివి చేతిమేతకు అలవాటుపడ్డ చిలుక మీదుగా ఎగురుతూ వచ్చింది. పిట్ట దారి తప్పినప్పుడల్లా వాడు కెవ్వుమన్నాడు.

మంత్రం విప్పగానే రాణి కళ్లు తెరిచింది. ఎదురుగా కరకంకుడు తల దించుకు నిలబడ్డాడు. ఆమె కొడుకును చూడలేదు, రాజును చూడలేదు. ముందుగా గుప్పిట విప్పి, ఆ బియ్యం వాడి దోసిట్లో పోసింది.

"పట్టు నాయనా, ఆలస్యమైంది" అంది.

వాడు ఆ రోజే మొదటిసారి ఏడ్చాడు. బతికినన్నాళ్లూ చిలుక కోసం జామచెట్లు నాటుతూ, ఆ కాయలు ఊరందరికీ పంచుతూ గడిపాడు.

రాజు ధర్మసభను ఆ గడప ముందుకే మార్చాడు. చేయి చాచినవాళ్లకు జవాబు చెప్పాకే గారెలు. శరభుడికీ గురివికీ పెళ్లయింది. తలలు నెరిసేదాకా రాజ్యం ఏలారు, ఏటా మొదటి పిట్టను తమ చేతులతోనే వదిలారు.

మరి పండితులు తాటాకుల మీద ఏం రాశారు? పెద్దకొడుకు చిలుక మెడ విరిచాడని, అది పాపం కాదని తాము ముందే తేల్చామని. గురివి పేరే లేదు. సముద్రం ముఖం చూసి వెనక్కొచ్చినవాడికి పాటలు కట్టారు. ఆ అబద్ధమే ఇప్పటికీ పిల్లలకు చెబుతున్నారు.

చదువు బాగా వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, బాబూ, ఆ మాట కొట్టేసి ఇలా రాయండి: ఆ చిలుక మెడ ఎవరూ విరవలేదు. తలుపు తీశారు.