గోడమీది సున్నం చుక్క

రెండు రోజులుగా చెన్నరాయుడికి కూడు లేదు, కునుకు లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు. రెండొందల అడుగుల దూరాన కొమ్మకు వేలాడే చింతకాయను తెగ్గొట్టే మొనగాడికి ఏం పట్టుకుందోనని నల్లమల అంచున ఆ పల్లెంతా గుసగుసలాడింది.

పట్టుకోక ఏం చేస్తుంది? మొన్న శెనక్కాయ చేలో అడవిపంది పది అడుగుల్లోకి వస్తే, నుదురు చూసి కాల్చాడు. గుండు ముట్టెను చీల్చుకుంటూ పోయింది. ఆ మంటలో పంది చెన్నరాయుడి పక్కనున్న అన్న మద్దిలేటి తొడ చీరేసి, వాగు పక్క పొదలో దూరింది. అన్న మంచంలో మూలుగుతున్నాడు. ఆడవాళ్ళు గడ్డికి పోవడం మానుకున్నారు. దాన్ని ఇవాళ పొదలోంచి లేపాలి. లేపాల్సింది చెన్నరాయుడే.

తప్పు తనదంటే మనసొప్పలేదు. తుపాకీదే అనుకున్నాడు. గొట్టం కొసన గురి చూసే ఇనుప మొనను కాస్త పొట్టి చేస్తే గుండు పైకి పోతుందని, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంజేస్తాండావురా?" అన్నాడు హుసేనప్ప. చెన్నరాయుడికి తుపాకీ పట్టడం నేర్పిన ముసలాయన. కళ్ళకు పొర కమ్మింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.

"తుపాకీ కిందికి కొడతాంది ఉస్తాద్. సరిజేస్తాండా."

"దూరాన?"

"దూరాన సరిగ్గానే పోతాది."

"మరి అరగదీసినాక దూరాన?"

చెన్నరాయుడి చెయ్యి ఆగిపోయింది.

"ఆ గోడకాడికి తీస్కరా," అన్నాడు ముసలాయన.

చెన్నరాయుడికి ఒళ్ళు మండింది. ఆ మట్టిగోడ అంటేనే అతనికి చులకన. పది అడుగుల్లో నిలబడి దానిమీది సున్నం చుక్కను కొట్టమని ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పినా, గోడను ఎవుడైనా కొడతాడని నవ్వేసేవాడు. చింతకాయ కొడితే చూసేవాళ్ళుంటారు, గోడను కొడితే ఎవరు చూస్తారు?

"అవతల పొద్దెక్కుతాంది ఉస్తాద్. గోడతో ఇప్పుడేం పని?"

"తీస్కరాప్పా."

తవుడు మూటల మీద తుపాకీ పెట్టించాడు. గొట్టం కొసకూ గోడకూ మధ్య జానెడే దూరం. గుండ్లు తీయించి, గొట్టాన్ని వెనకనుంచి మూసే బోల్టు ఊడదీయించాడు.

"చుక్క మీద గురిపెట్టు. కుదిరిందా?"

"కుదిరింది."

తుపాకీ కదలకుండా అటూ ఇటూ మూటలు బిగించాక, హుసేనప్ప గొట్టం తుడిచే ఇనుప కడ్డీని వెనకనుంచి లోపలికి తోశాడు. కడ్డీ ముందునుంచి బయటికొచ్చి గోడకు టక్కున తగిలింది.

"యాడ తగిలిందో నాకు అగుపడదు. నువ్వే చెప్పు."

చెన్నరాయుడు వంగి చూశాడు. చుక్కకు కింద తగిలింది. వేళ్ళు ఆనించి కొలిచాడు. సరిగ్గా రెండు వేళ్ళు.

"కన్ను గొట్టం మీద, గుండు గొట్టం లోపల," అన్నాడు హుసేనప్ప. "దూరం పోతేగానీ రెండూ కలవవు."

చెన్నరాయుడు ఆకురాయిని నడుముకు దోపుకున్నాడు. బోల్టు బిగించి, గుండ్లు వేసుకుని వాగువైపు పోయాడు.

పొదలో రాయి విసరగానే పంది బాణంలా వచ్చింది. కళ్ళు నుదుటికే పోతామంటున్నాయి. పళ్ళు బిగబట్టి గురి పైకెత్తాడు. పది అడుగుల్లో పేల్చాడు. పంది అతని కాళ్ళ ముందు కూలింది.

దాన్ని మోసుకొచ్చి వాకిట్లో వేస్తే, హుసేనప్ప తడుముకుంటూ కూర్చుని చేత్తో దాని తల నిమిరాడు. నుదుటి నడుమ గుండు దిగిన చోట వేలు ఆగింది.

"యాడ చూసి కొట్నావు?"

చెన్నరాయుడు ఆ ముసలి వేలు పట్టుకుని రెండు వేళ్ళు పైకి జరిపాడు. తర్వాత నడుముకు దోపుకున్న ఆకురాయి తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు. లోపల అన్న ఇంకా మూలుగుతూనే ఉన్నాడు. ఆ మూలుగు వింటుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ చుక్కను ముందే కొట్టుంటే..." అన్నాడు.

హుసేనప్ప చెయ్యి తుడుచుకుని లేచాడు.

"గోడ ఆడనే ఉండాది," అన్నాడు.