ముద్రశాల మూయించిన రాకుమారుడు

అనగా అనగా తాళపురి అనే రాజ్యం. దాని రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేట పిచ్చి, రెండోవాడికి నిద్ర పిచ్చి, మూడోవాడైన వసంతకేతుకు మెప్పు పిచ్చి. మన కథ ఈ మూడోవాడిదే, అల్లరి చెయ్యకుండా వినండర్రా.

ఆ రాజ్యంలో నాణేలు కొట్టేది జటాకరాళుడనే మాంత్రికుడు. ఊరి నడిబొడ్డున అతని ముద్రశాల ఉండేది. కొట్టిన నాణేలు రాజుగారికి అప్పుగా ఇచ్చేవాడు. అవే జనం చేతుల్లో తిరిగేవి. రాజుగారు ఏటా అతనికి వడ్డీ కట్టేవారు.

"ఎన్నాళ్ళు కడతాం నాన్నగారూ? అప్పంతా తీర్చేస్తాను, ఆ ముద్రశాల మూయించేస్తాను" అన్నాడు వసంతకేతు. ముసలి మంత్రి ఏదో చెప్పబోయాడు. "మీరు ఊరుకోండి మంత్రిగారూ" అని ఆయన నోరు మూయించాడు.

మొదటిరోజు షావుకార్ల ఇళ్ళకు వెళ్ళి నాణేలు అడిగాడు. రెండోరోజు రైతుల ఇళ్ళకు వెళ్ళాడు. మూడోరోజు బీదాబిక్కీ బియ్యం కుండల అడుగున దాచుకున్నవి కూడా అడిగాడు. రాజ్యం కోసమంటే కాదంటారా? ఇచ్చారు పాపం. చీరలు నేసుకు బతికే నాగులు తన మూడు కాసులూ ఇచ్చేసింది.

మాంత్రికుడు లెక్క చూసుకున్నాడు. "సరిపోయింది. ఇక నాది మీ దగ్గర చిల్లిగవ్వ కూడా లేదు" అని నవ్వి, ఉన్న నాణేలన్నీ మూటగట్టుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. ముద్రశాలకు తాళం పడింది. వసంతకేతును ఏనుగు మీద ఊరేగించారు. అబ్బో, ఆ రోజు అతని కళ్ళు నెత్తిమీదే ఉన్నాయి.

తెల్లారి నాగులు చీర పట్టుకుని బియ్యం కొట్టుకు వెళ్ళింది. "నాకు చీర వద్దు, ఉప్పు కావాలి" అన్నాడు బియ్యం షావుకారు. ఉప్పమ్మేవాడి దగ్గరికి వెళ్తే "చీర వద్దు, కుండలు కావాలి" అన్నాడు. కుమ్మరి దగ్గరికి వెళ్తే "చీర వద్దమ్మా, బియ్యం కావాలి" అన్నాడు. గాదెల నిండా ధాన్యం ఉంది, ఇళ్ళల్లో మాత్రం పస్తులు. కూలి ఇచ్చే దారిలేక పనులన్నీ ఆగిపోయాయి.

నాలుగోనాడు వసంతకేతు బజారుకొచ్చాడు. "ఏమ్మా, అప్పులేని రాజ్యం ఎలా ఉంది?" అని నాగుల్నే అడిగాడు.

"మా అమ్మ గంజి తాగి మూడు రోజులైంది దొరా" అంది నాగులు. తిట్టినా బాగుండేది. వసంతకేతుకు తల తీసేసినట్టయింది. ఆ పూట అన్నం ముందు కూర్చోలేక, ఎవరికీ చెప్పకుండా సముద్రానికి బయలుదేరాడు.

ఒడ్డున తాబేలు పలకరించింది. "ఎక్కడికి నాయనా?"

"దుర్మార్గుడైన మాంత్రికుణ్ణి చంపడానికి."

తాబేలు బుడుంగున మునిగిపోయింది. గరుడపక్షి వచ్చి అదే అడిగింది. అదే జవాబు విని ఎగిరిపోయింది. మూడోది తిమింగలం. అదీ అడిగింది. వసంతకేతు తల దించుకున్నాడు. సిగ్గుతో "నేను చేసిన తప్పు దిద్దుకోవడానికి" అన్నాడు.

"అలా చెప్పు మరి. ఎక్కు" అంది తిమింగలం. ఏడు సముద్రాలూ ఒక్క పూటలో దాటించింది. మాంత్రికుడి ప్రాణం పగడాల గుహలో చిలకలో ఉందని కూడా చెప్పింది. వసంతకేతు ఆ చిలకను పట్టి, ఉత్తరీయం కింద దాచుకుని మాంత్రికుడి ముందుకు వెళ్ళాడు.

"మా నాణేలు ఇచ్చెయ్."

"నేను దొంగిలించానా? ఇంటింటా ఏరి తెచ్చి ఇచ్చింది నువ్వే కదయ్యా" అన్నాడు జటాకరాళుడు. అది నిజమే మరి. "కావాలంటే మళ్ళీ అప్పిస్తాను, రెండింతల వడ్డీకి" అని కూడా అన్నాడు.

వసంతకేతు ఉత్తరీయం తీసి చిలకను చూపించాడు. మాంత్రికుడు చిలకను వదిలితే చాలన్నాడు, నాణేలు కొట్టే తన ముద్ర ఇచ్చేశాడు, తాళపురి వైపు తొంగిచూడనని ఒట్టేశాడు.

ఇంటికొచ్చి వసంతకేతు రాగి కాసులు కొట్టించి బజారులో పోయించాడు. ఒక్కరూ ముట్టుకోలేదు. "మొన్న ఉన్నవన్నీ పట్టుకెళ్ళారు. రేపు ఇవీ పట్టుకెళ్ళరని ఏమిటి నమ్మకం?" అన్నాడు బియ్యం షావుకారు.

వసంతకేతు అందరి ముందూ చేతులు జోడించాడు. "తప్పు నాది. మంత్రిగారు చెప్పబోతే వినలేదు. నా మెప్పు కోసం మీ నోటి దగ్గర కూడు తీశాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

చివరికి నాగులు ముందుకొచ్చింది. "పన్ను ఈ కాసుల్లోనే పుచ్చుకుంటారా దొరా?"

"పుచ్చుకుంటాను."

"ఎప్పుడు తెచ్చినా?"

"ఎప్పుడు తెచ్చినా."

"అయితే నా చీరకు మూడు కాసులివ్వండి" అంది. అది విని షావుకారు తను కట్టాల్సిన పన్ను గుర్తు చేసుకున్నాడు, బియ్యం బస్తా విప్పాడు. నాగులు కాసులిచ్చి బియ్యం కొంగున కట్టుకుని ఇంటికి పరిగెత్తింది. వాళ్ళమ్మ బతికింది.

ఏడాది పోయాక వసంతకేతు నాగుల్ని చేసుకుంటానని ఆ ముసలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు. పెళ్ళయింది, అన్నలిద్దరూ రాజ్యం మాకొద్దనడంతో పట్టాభిషేకమూ అయింది. కాసుల మీద రాజుగారి బొమ్మ చెక్కుతామని కంసాలులు వచ్చారు.

"వద్దు" అన్నాడు వసంతకేతు. "ఆకలేసి బియ్యం కొనుక్కునేవాళ్ళకు నా ముఖం కనబడకూడదు."

నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ నలభై ఏళ్ళూ తాళపురి కాసు ఒకవైపు బోసిగానే ఉంది.