బయట నిలబడే మనిషి

రాజుగారి బావమరిది వీరభూపతికి ఒకరోజు రాజతోటలోని పులిబోనులోకి వెళ్లి, పులి మీసం పీకి తేవాలని సరదా పుట్టింది. వెంట ఉన్న స్నేహితులు భేష్ అన్నారు.

"తలుపు తియ్యి సాయన్నా. ఏం జరిగినా పూచీ నాది," అన్నాడు.

చిన్నప్పుడు అతణ్ణి ఎత్తుకు తిప్పిన కాపలాదారు సాయన్న తలూపాడు.

"అలాగే చిన్నదొరా. కానీ ఏదైనా జరిగితే, పూచీ పడ్డ తమరు పులి కడుపులో ఉంటారు. రాజుగారు అడిగితే 'మేమే పంపాం' అని చెప్పడానికి మీ స్నేహితుల్లో ఒకరిని నా పక్కన నిలబెట్టి వెళ్లండి."

వీరభూపతి వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికే అందరూ తోట గుమ్మం దాటుతున్నారు.

సాయన్న తాళంచెవి మొలలో దోపుకుని, అతని నుదుటి చెమట తన పైపంచెతో తుడిచాడు.

"బయట నిలబడ్డానికే మనిషి దొరకలేదు చిన్నదొరా. ఇక లోపలికి మీరెందుకు?"